చెట్టు వదిలిన జాగ

మా ముత్తాత లక్ష్మయ్య గొడుగు కనిపించేదాకా రాయచూరు గంజ్‌లో పత్తి హర్రాజు మొదలయ్యేది కాదు. ఆయన కొడుకు విశ్వనాథం, అంటే మా తాత, స్టేషను రోడ్డు మీద జిన్నింగ్ మిల్లు పెట్టాడు. పత్తి కాలంలో బండ్ల బారు మిల్లు గేటు దగ్గర మొదలై రైలు పట్టాల దాకా సాగేది. నిజాం రోజుల్లో జిల్లా అధికారి తాలూక్‌దారు దౌరాకు, అంటే పర్యటనకు, వస్తే మా నడిమింట్లో కూర్చుని ఫలహారం చేసి వెళ్లేవాడు. మా తాత ఆయన్ని గేటు దాకా సాగనంపేవాడు కాదు, నడిమింటి గడప దగ్గరే నమస్కారం పెట్టేవాడు. మా తండ్రి రాఘవయ్య ఆ మిల్లును ఇరవై ఏళ్లు నడిపాడు, పన్నెండేళ్లు మూసి ఉంచాడు. మూసిన మిల్లుకు కాపలా పెట్టి, ఏటా దసరాకు ఆగిపోయిన ఇంజన్లకు పూజ చేయించడం కూడా తాహతున్నవాళ్ల పనే.

నేను రాఘవయ్య కొడుకుని. శక్తినగర్‌లో బొగ్గు కరెంటు కేంద్రానికి మొదటి చిమ్నీ లేచిన రోజుల్లో అక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్స్ గుమస్తాగా చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉన్నాను. పొద్దున రాయచూరులో బస్సెక్కి సాయంత్రం దిగేవాణ్ణి. స్టోర్స్‌లో అందరూ నన్ను గుమస్తా సారూ అనేవారు. ఒక్క మనిషి మాత్రం మొదటి రోజు నుంచీ సావుకారూ అని పిలిచాడు. ఆయన మా వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేసే టర్నరు. పేరు రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆయన పలికేవాడు కాదు. వర్క్‌షాపులో మేస్త్రీ అనేవారు, పాత బజారులో ఖరాదీ అనేవారు. చెక్కను తిప్పి చెక్కేవాడిని మా వైపు ఖరాదీ అంటారు.

పోయిన నెల ఆయన కూతురు ఫోను చేసింది.

“నాయన పోయిండు సావుకారూ,” అంది.

ఆ ఇంట్లో ఆ పిలుపు ఇంకా ఉంది.

ఆయన్ని మొదటిసారి చూసింది స్టోర్స్ కిటికీ దగ్గర. లేత్ తుడుచుకోవడానికి కాటన్ వేస్టు కావాలని చీటీ తెచ్చాడు. గోనెలోంచి రెండు గుప్పిళ్లు తీసి కిటికీ మీద పెట్టాను. విశ్వనాథం మనవడు గుప్పిళ్లతో చిక్కుదారాలు పంచుతున్నాడని ఎవరైనా అనుకుంటే అనుకోనీ అని నేను తల ఎత్తుకునే ఆ పని చేసేవాణ్ణి. ఆయన ఆ పీచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి సాగదీసి చూశాడు.

“ఇది మీ మిల్లు దూది గాదు సావుకారూ.”

“మా మిల్లు నీకెట్ల ఎరుక?”

“మా నాయన మీ గేటుకాడ, వేపచెట్టు కింద, బండి చక్రాలు బాగుచేసెటోడు. నేను ఆడనే పెరిగిన. మీ తాత వస్తుంటే అందరు లేచి నిలబడుదురు. మా నాయన ఒక్కడే లేవకుండె.”

“ఎందుకు?”

“చేతిల చక్రం ఉండె గద. ఇడిస్తే దొర్లిపోతది.”

“మా తాత ఏమనలేదా?”

“ఒకసారి ఆగి చూసిండంట. ‘నువ్వు లేవకు, పని గానీ’ అని పోయిండంట. ఆ మాట మా నాయన సచ్చేదాక చెప్పుకుంటుండె.”

చీటీ మీద సంతకం పెట్టి, కాటన్ వేస్టు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన వస్తే నేను కిటికీలోంచి ఇవ్వకుండా తలుపు తీసి ఇచ్చేవాణ్ణి.

దేన్ని చూసినా ముందు వేలి కణుపుతో తట్టడం ఆయనకు అలవాటు. తట్టి, తల ఒక పక్కకు వంచి, వినేవాడు. మా ఇంటికి వస్తే తలుపు రెండుసార్లు తట్టేవాడు. మొదటిది మమ్మల్ని పిలవడానికి, రెండోది ఆ టేకు పలుకు వినడానికి. మస్కి సంతలో జనం పుచ్చకాయలు తడుతుంటే ఆయన ఆ పుచ్చకాయల బండి చట్రం తట్టి, దీన్ని ఎవరు చేశారని అడిగేవాడు. ఒకసారి పెద్ద ఇంజనీరు గదికి పిలిపించాడు. ఇంజనీరు ఏదో చెబుతుండగానే ఈయన ఎదుటి టేబుల్‌ను తట్టాడు.

“సార్, ఇది టేకని చెప్పిండ్రా మీకు?”

ఇంజనీరు పగలబడి నవ్వాడు. పక్కన నిలబడ్డ టేబుళ్ల కాంట్రాక్టరు నవ్వలేదు.

వర్క్‌షాపులో ఆయన ఇనుము తిప్పేవాడు. అది జీతం పని. అసలు పని ఇంటి దగ్గర, శక్తినగర్ పక్క ఊళ్లో, రేకుల షెడ్డులో. అక్కడ తన చేత్తో తయారు చేసుకున్న లేత్ ఉండేది. పాత పిండిగిర్నీ మోటారు, పారేసిన ఇనుప చానెళ్లు, ఎక్కడెక్కడివో బేరింగులు. దాని మీద ఆయన తిప్పేది చెట్ల బుడిపెల్ని.

చెట్టుకు దెబ్బ తగిలిన చోట, పురుగు తొలిచిన చోట, ఏళ్ల తరబడి చెక్క దాని చుట్టూ అదే చుట్టుకుని బుడిపెగా లేస్తుంది. మిగతా మానులో నార ఒకే దిక్కుకు పోతుంది. బుడిపెలో సుడులు తిరుగుతుంది. వడ్రంగులు దాన్ని పక్కన పడేస్తారు, కట్టెల అడితీవాళ్లు గొడ్డలికి లొంగదని తిడతారు. ఆయన దాన్ని కన్నడ మాటతో గంటు అనేవాడు. తుమ్మ గంటు, చింత గంటు, వేప గంటు ఎక్కడ దొరికినా సైకిలుకు కట్టుకుని తెచ్చేవాడు. కోసిన వైపు పేడ పూసి, బూడిద గుంటలో పాతిపెట్టేవాడు. ఎండ తగిలితే పగులుతుంది కనుక ఒక ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు అలా ఉండాలి.

“శక్తినగర్ల ఏది కొరవైనా బూడిద కొరవ లేదు సావుకారూ,” అనేవాడు.

ఆరిన గంటును లేత్‌కు బిగించి పైన గుండ్రం చేసేవాడు. తర్వాత రెండు వేళ్లు పట్టేంత మూతి తీసి, అందులోంచి లోపలంతా తొలిచేవాడు. లారీ కమాను పట్టీని కొక్కెంలా వంచి చేసుకున్న ఉలి దానికి. లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడదు. గోడ మందంగా ఉన్నంతసేపు చప్పుడు బరువుగా ఉంటుంది, పలచబడుతున్న కొద్దీ సన్నబడుతుంది. ఆయన కళ్లు మూసుకుని ఆ చప్పుడునే పట్టుకుని పోయేవాడు. గోడ జొన్నరొట్టె మందానికి వచ్చాక ఆపేవాడు. మధ్యలో నేను దగ్గితే లేత్ ఆపేసి కూర్చునేవాడు.

“దగ్గుడైనంక చెప్పుండ్రి. నాకేం తొందర లేదు.”

బుడిపెలో ఖాళీలు ఉంటాయి. చెట్టు చుట్టుకుంటూ పోయి ఎక్కడో మూయకుండా వదిలేసిన తొర్రలు, బెరడు లోపలికి మడతపడ్డ సందులు. పాత్ర గుండ్రమయ్యేసరికి అవి గోడలో కిటికీల్లా తెరుచుకుంటాయి. ఆయన వాటిని పూడ్చేవాడు కాదు. లక్క, రంపంపొట్టు కలిపి పూడిస్తే ఎవరూ కనిపెట్టలేరు. ఆ పని ఆయనకు తెలియక కాదు.

“అది చెట్టు వదిలిన జాగ. నేను ఇయ్యలే, నేను మూసేది గాదు,” అనేవాడు.

ఇంకో నియమం కూడా ఉంది. తొలిచేటప్పుడు తన ఉలి గోడ దాటి చిల్లు పడితే, ఆ పాత్ర పొయ్యిలోకి పోవాల్సిందే. చెట్టు చిల్లు ఉంటుంది, చేతి చిల్లు ఉండదు. ఒకసారి మూడు నెలలు పట్టిన చింత పాత్ర అలా పోయింది. ఆయన భార్య ఆ మంట మీదే రొట్టెలు కాల్చి నాకూ ఒకటి పెట్టింది.

“తినుండ్రి సావుకారూ. ఇంత పిరమైన రొట్టె మీ తాత గూడ తినలే.”

తిన్నాను.

మా వైపు ఇళ్లల్లో ఆ పాత్రల్ని ఎవరూ పెట్టుకునేవారు కాదు. చిల్లుల కుండ శ్మశానంలో పీనుగు చుట్టూ తిప్పేది, ఇంట్లో పెట్టేది కాదు. నీళ్లు పట్టవు, గింజలు పట్టవు. ఎందుకు చేస్తావని అడిగిన వాళ్లకు ఆయన జవాబు చెప్పేవాడు కాదు, వాళ్ల చేతికర్రో కుర్చీయో తట్టి చూసేవాడు. తిండికి మంచం కోళ్లూ, రొట్టెల పీటలూ కూడా తిప్పేవాడు. అవి అమ్మేవాడు. గంటు పాత్రల్ని ఎన్నడూ అమ్మలేదు. నచ్చిన వాళ్లకు ఇచ్చాడు, మిగిలినవి షెడ్డులో చెక్క పలక మీద పెట్టుకున్నాడు.

మా మేనేజరు ఒకసారి ఆయన్ని ఒక పాత్ర అడిగాడు. బదిలీ మీద వెళుతున్న ఒక పెద్దాయనకు సన్మానంలో ఇవ్వాలట. మేస్త్రీ తుమ్మ గంటు పాత్ర ఇచ్చాడు. అంతవరకు చేసిన వాటిలో అదే గొప్పదని నాకు అనిపించేది. సన్మానం నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పాత్రను వేదిక మీద పెట్టారు. మేనేజరు దాని తొర్రలన్నీ పుట్టీతో పూడ్పించి వార్నీషు కొట్టించాడు. గాజులా మెరుస్తోంది. మేస్త్రీ లేచాడు. వేదిక ఎక్కాడు. వేలి కణుపుతో దాన్ని తట్టి, తల వంచి విన్నాడు.

“మేస్త్రీ, ఇది నీ పనేనటగా! చాలా బాగుందయ్యా,” అన్నాడు పెద్దాయన.

“నాది గాదు సార్. నాదైతే గిట్ల పలకది,” అని చెప్పి మెట్లు దిగి, నడవ మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మర్నాడు మేనేజరు ఆయన్ని లేత్ మీంచి తీసి పైపులు కోసే చోటికి మార్చాడు. ఆరు నెలలు పైపులు కోశాడు. ఒక్కరోజు కూడా మేనేజరు గది ముందు నిలబడలేదు. పనివేళలో మేస్త్రీ పక్కనుంచి పోవలసి వస్తే నేను నడక తగ్గించి పోయేవాణ్ణి. అలాంటి మనిషి నన్ను సావుకారూ అంటాడు కదా అనుకుంటే నా వెన్ను నిటారుగా ఉండేది.

ఇక మా చెట్టు సంగతి. మిల్లు గేటు దగ్గరి వేపమానుకు నడుమెత్తున పెద్ద బుడిపె ఉండేది. రెండు చేతులతో కౌగిలించుకుంటే పట్టేంత. లోపలికి మలుపు తిరిగే ప్రతి బండీ తన ఇరుసును ఆ మానుకు రాసుకుంటూ పోయేది. మా తాత నాటి నుంచి మా తండ్రి నాటి దాకా తగిలిన ఇరుసుల దెబ్బలకు లేచిన బుడిపె అది. మా మిల్లుకు ఎన్ని బండ్లు వచ్చేవో చెప్పమంటే నేను ఆ బుడిపెను చూపించేవాణ్ణి.

మేస్త్రీ ఒక ఆదివారం వచ్చి, గేటు బయట సైకిలు నిలబెట్టి, నన్ను పలకరించకుండానే దాన్ని తట్టాడు. చెవి ఆనించి విన్నాడు.

“లోపల జాగ ఉన్నది సావుకారూ. మస్తుగ ఉన్నది.”

“మా చెట్టు గట్టిది. లోపల ఏ తొర్రా లేదు.”

“నామీద కోపమెందుకు? చెవి పెట్టి మీరే ఇనుండ్రి.”

నేను చెవి పెట్టలేదు. “దీని మీద రంపం పడనియ్య,” అన్నాను.

“నేనూ పడొద్దనే అంటున్న. చెట్టు పానంతో ఉండంగ గంటు కోస్తే చెట్టు సస్తది. చెట్టు పోయిననాడు నాకు చెప్పుండ్రి.”

“మా చెట్టు పోదు.”

“పోకపోతే ఇంకా మంచిదాయె,” అని సైకిలెక్కాడు. ఆ తర్వాత ఏటా ఒకసారి వచ్చి తట్టి, విని, ఏమీ అడగకుండా వెళ్లేవాడు.

మా తండ్రి పోయిన మూడో ఏడు మిల్లు స్థలం చేయి మారింది. కొన్నవాళ్లు అక్కడ ఫంక్షన్ హాలు కట్టదలిచారు. చెట్టు వాళ్ల గేటుకు అడ్డమొచ్చింది. నేను వెళ్లి ఒకే మాట అడిగాను, బుడిపె మాత్రం నాకు కావాలని. తీసుకోండి అన్నారు. గూడ్స్ ఆటోలో దాన్ని వేసుకుని, పక్కనే కూర్చుని శక్తినగర్ తీసుకెళ్లాను. దారిలో ఎదురైన తెలిసినవాళ్లకు నమస్కారాలు పెట్టాను. ఆటోలో పోతున్నది మా మిల్లు మొత్తం అని వాళ్లకు తెలియదు. మిగిలింది అంతే.

మేస్త్రీ షెడ్డు ముందు నిలబడి చూశాడు. చెట్టు గురించి ఏమీ అడగలేదు.

“ఇది అమ్మడానికి తేలేదు. ఇస్తున్న,” అన్నాను.

“కొంటనని నేను ఎప్పుడంటి?”

“దీన్ని పాత్ర చేసియ్యి మేస్త్రీ. మా నడిమింట్ల నిలబడాలె. మిల్లుదని చెప్పుకోను ఇంకేం లేదు.”

“చేస్త. గని ఒక మాట సావుకారూ. చెట్టు చిల్లు చెట్టుదే. నా చిల్లు పడితే మాత్రం పొయ్యిలకే. మీ తాత చెట్టని చూడ.”

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను? ఆ నియమం లేకపోతే నేను ఆ చేతికి ఇచ్చేవాణ్ణే కాదు.

రెండేళ్లు బూడిదలో ఉంది. తీసిన ఆదివారం నన్ను రమ్మని కబురు పెట్టాడు. లేత్ మీద తిప్పుతుంటే పైబెరడు లేచిపోయింది, ఎర్రటి చెక్క బయటపడింది. సుడులు సుడులుగా, తొణికిన నీళ్ల మీద వెలుతురు లాగా ఉంది. కాసేపటికి ఉలి టకటకమని ఎగరడం మొదలుపెట్టింది. లేత్ ఆపాడు. గోడలో అరచేయంత పొడుగు చీలిక, లోపల చీకటి. ఆయన సూదితో లోపలి నుంచి ఏదో లాగాడు. నల్లబడిన పీచు. వేపబంకతో గట్టిపడి ఉంది. వేళ్ల మధ్య నలిపి, సాగదీసి, నా చేతిలో పెట్టాడు.

“ఉడుత గూడు. చెట్టు తర్వాత పైన మూసుకున్నది. లోపలంత దూదే కుక్కి పెట్టింది. దూది మీ మిల్లుది సావుకారూ.”

మా తాత ఇంజన్లు తిరుగుతుండగా గాలికి లేచిన దూది అది. ఆయన సన్న ఉలి తీసుకుని మిగతాది గీకబోయాడు.

“తీయకు,” అన్నాను.

“ఏంది?”

“ఆ దూది తీయకు. ఉండనీ.”

“ఉంటే చప్పుడు చస్తది. లోపట తొలిచేటప్పుడు ఆ పక్కకొస్తే నాకు ఇనబడది.”

“ఏమైనా కానీ. అది ఆడనే ఉండాలె.”

ఆయన ఉలిని తన పంచె చెంగుతో నెమ్మదిగా తుడిచాడు. పని విషయంలో ఆయన ఎవరి మాటా వినగా నేను చూడలేదు. ఇంజనీర్ల మాట వినలేదు, మేనేజరు మాట వినలేదు.

“సరే. సావుకారు మాట,” అన్నాడు.

లోపల తొలవడానికి మూడు ఆదివారాలు పట్టింది. ప్రతి ఆదివారం వెళ్లి కూర్చున్నాను. దగ్గు రాకుండా నోట్లో కలకండ వేసుకునేవాణ్ణి. మూడో ఆదివారం ఉలి చీలిక పక్కకు చేరింది. అంతవరకు సన్నగా పలుకుతున్న చప్పుడు పరుపు మీద కొట్టినట్టు మూగబోయింది. ఆయన కళ్లు తెరిచాడు. పని మధ్యలో ఆయన కళ్లు తెరవడం అదే మొదటిసారి చూశాను. మళ్లీ మూసుకున్నాడు. తల ఇంకా దగ్గరికి వంచాడు. అప్పుడు ఫట్‌మని ఒక చిన్న చప్పుడు. తిరుగుతున్న గోడలో ఒక చుక్క వెలుతురు గీతలా తిరిగింది.

మోటారు ఆపాడు. పాత్ర తిరిగి తిరిగి నిలిచింది. చెట్టు చీలికకు రెండు వేళ్ల దూరంలో చింతగింజంత చిల్లు. ఆయన మూతిలోంచి కొక్కెం ఉలి పెట్టి లోపలి నుంచి తడిమాడు. ఉలి కొన ఇవతల కనబడింది.

“నాది,” అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ భార్య వెంటనే అందుకుంది. “ఎవరికెరుకైతది? పక్కల్నే చెట్టుది ఉన్నది గద. రెండు చెట్టువే అంటరు.”

“నాకెరుక.”

“నీ ఎరుక పాడుగాను! సావుకారు మొకం జూడు జెర.”

ఆయన నా మొహం చూడలేదు. పాత్రను లేత్ మీంచి విప్పి, రెండు చేతులతో పట్టుకుని పెరటివైపు నడిచాడు. పెరట్లో నీళ్ల పొయ్యి మండుతోంది. నేను లేచి నిలబడ్డాను కాని అడుగు పడలేదు. అడ్డం పడి బతిమాలడం మా ఇంట్లో లేదు. పైగా నేను మాట ఇచ్చాను. మా తాత మిల్లు నా కళ్ల ముందు పొయ్యి దగ్గరికి పోతోంది.

అప్పుడు నాకు తోచింది చెప్పాను.

“ఆగు మేస్త్రీ. ఆ చిల్లు నీది గాదు.”

“లేత్ కాడ నిలబడ్డది నేను.”

“దూది తీయొద్దన్నది నేను. చప్పుడు చస్తదని నువ్వు చెప్పినవు. ఏమైనా కానీ అన్న. నీ చెవి మూసింది నేను. చెట్టు చిల్లు ఉంచుతవు, నీ చిల్లు కాలుస్తవు. నా చిల్లు కాల్చెటందుకు నువ్వెవరు?”

ఆయన పొయ్యి ముందు అలాగే నిలబడ్డాడు. ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికో మరెందుకో. చాలాసేపటికి ఆయన పాత్రను ఎత్తి, కణుపుతో తట్టి, తల వంచి విన్నాడు. ఇంకోసారి తట్టాడు.

“హౌదు, నిజమే. మీదే,” అన్నాడు.

వెనక్కి వచ్చి దాన్ని పలక మీద పెట్టి నావైపు తిరిగాడు.

“మీ ఇంట్ల తప్పు ఒప్పుకున్నది మీరే మొదలనుకుంట సావుకారూ.”

“నేనే మొదలు,” అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు సిగ్గు కలగలేదు. మా తాత గడప దగ్గర నిలబడి నమస్కారం పెట్టినప్పుడు ఎలా ఉండేవాడో అలాగే నిలబడి అన్నాను.

తర్వాతి ఆదివారం నూనె పట్టించి ఇచ్చాడు. చీలిక అంచుల్ని గుడ్డతో రుద్ది రుద్ది నున్నగా చేశాడు. చింతగింజంత చిల్లును మాత్రం ఉలి విరిచిన గరుకుతోనే వదిలాడు.

“దీన్ని రుద్దలేదేం?”

“మీది గద. మీరే రుద్దుకోండ్రి,” అన్నాడు. ఆయన భార్య ఈసారి దాచుకోకుండా నవ్వింది.

పాత్రను ఇంటికి తెస్తే మా అమ్మ గడపలోనే ఆపింది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి.

“చిల్లుల కుండ నా ఇంట్లకు రాదు. ఏ పూటకు తెచ్చినవురా?”

“మన వేపచెట్టుదమ్మా.”

ఆమె దగ్గరికి వచ్చింది. చీలికలోంచి ఒక పీచు లాగి, గంజ్‌లో మా మగవాళ్లు చూసినట్టే వేళ్ల మధ్య సాగదీసి చూసింది. ఆమె అలా చూడగలదని నాకు అంతవరకు తెలియదు.

“మన దూదే,” అంది. “ఈ చిన్న చిల్లు ఏంది?”

జరిగింది చెప్పాను.

“మీ నాయనైతే చెట్టు మీదకు తోసేటోడు,” అంది. “పూజగదిల వద్దు. నడిమింట్ల పెట్టు, వచ్చినోళ్లకు కనబడేటట్ల. అడిగితే చిన్నది ఎవరిదో గూడ చెప్పాలె మరి.”

“చెప్త.”

ఇప్పటికీ చెబుతున్నాను.

చివరి ఏళ్లలో మేస్త్రీకి చెవి తగ్గింది. ఒకరోజు లేత్ మీద గుడ్డ కప్పేశాడు. ఇంకొంత కాలం మంచం కోళ్లైనా తిప్పవచ్చు కదా అంటే, “ఇనబడకుంట తిప్పేది పని గాదు,” అన్నాడు. ఆ తర్వాత మా ఇంటికి వచ్చినప్పుడు తలుపును రెండోసారి తట్టడం మానేశాడు. అరచేతిని చెక్కకు ఆనించి కాసేపు నిలబడేవాడు. ఏమైనా తెలుస్తోందా అని అడిగితే, “తెలుస్తది, గని మెల్లగ తెలుస్తది,” అనేవాడు.

ఆయన పోయిన పదో రోజు కాగానే నేను వెళ్లాను. ఆయన భార్యకు ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు. రెండు కళ్లకూ ఆపరేషను చేయించాలని డాక్టరు చెప్పాడట. కూతురు నన్ను షెడ్డులోకి తీసుకెళ్లింది. పలక మీద పదకొండు పాత్రలు వరసగా ఉన్నాయి. బెంగుళూరులో ఇళ్ల అలంకరణ సామాను అమ్మే ఒకాయన వచ్చి చూశాడట. పదకొండూ ఒక్కసారే తీసుకుంటానన్నాడట. తొర్రల్లో రంగు లక్క పోయించుకుంటాను, అలా అయితేనే అమ్ముడుపోతాయి అన్నాడట.

“ఏం జెయ్యమంటరు సావుకారూ?”

“నీ నాయన పాత్రలు. నేను చెప్పేది గాదు,” అన్నాను.

మంచం మీంచి తల్లి కేకేసింది. “నా కండ్లకని ఆయన నోరు మూస్తవా ఏంది? ఇంక ఏడాది చూడకపోతే ఏం కొంపలు మునుగుతయి!”

ఆ అమ్మాయి ఒక్కొక్క పాత్రను తీసి దుమ్ము తుడిచి మళ్లీ అక్కడే పెట్టింది. బెంగుళూరు ఆయనకు నా ఎదుటే ఫోను చేసి, పాత్రలు ఇవ్వడం లేదని చెప్పింది. ఆయన ఇంకా ఏదో చెబుతుంటే, “లేదు సార్, ఇయ్యం,” అని మరొకసారి చెప్పి పెట్టేసింది.

తల్లి ఆపరేషనుకు వాళ్లు లేత్ అమ్మారు. మోటారుతో సహా మస్కిలో మంచం కోళ్లు చేసే ఒకాయన కొనుక్కుపోయాడు.